నూనె రాయని సోమవారం

మా ఇంట్లో యాసిడ్ అంటే బాత్‌రూము గచ్చు కడిగే సీసా. దాన్ని నేను అటక మీద, పాత ట్రంకుపెట్టె వెనక, సంచిలో సంచి, దానిమీద ఇంకో సంచి చుట్టి దాచాను. ఎప్పుడో ఒకసారి దించుతాం. అదీ మా ఆయన చేతే దింపించి, ఆయన చేతే వాడించి, ఆయన స్నానం చేసి బయటికి వచ్చేదాకా గుమ్మంలో కాపలా ఉంటాను. అలాంటి నా దగ్గరికి పదహారేళ్ళ కూతురు బడి నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, "అమ్మా, ఇవాళ యాసిడ్ పట్టుకున్నాం" అంది.

నా చేతిలో ఉన్న గిన్నె కింద పడింది.

"చేత్తో కాదమ్మా, సీసాతో. అదీ నీళ్ళు కలిపిన యాసిడ్. సగం కంటే ఎక్కువ నీళ్ళే."

"మిగతా సగం సంగతేంటి?" అన్నాను.

వాళ్ళ నాన్న పార్సిళ్ళ వ్యాను నడుపుతాడు. అప్పుడే వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "మీ అమ్మ భయపడని వస్తువు ఈ ప్రపంచంలో ఏదైనా ఉంటే చెప్పవే బొంగరం. తెచ్చి అద్దాల బీరువాలో పెట్టుకుందాం" అన్నాడు.

నడక వచ్చిన రోజు నుంచీ ఒకచోట నిలబడకుండా గిరగిరా తిరుగుతూ ఉండేది కనుక దానికి బొంగరం అని ఆయనే పేరు పెట్టాడు. తిరిగి తిరిగి బల్ల మూలకు తగిలి, కనుబొమ్మ మీద కుట్లు వేయించుకుంది. ఆ కుట్లు వేయించిన దాన్ని నేను, ఆయన కాదు. అందుకే ఆయనకు జోకులు వస్తాయి, నాకు రావు.

ఆ సాయంత్రం బొంగరం వంటింటి గట్టు మీద రెండు గ్లాసులు పెట్టి నాకు పాఠం చెప్పింది. నేను ఎనిమిదో తరగతితో ఆగాను. అయినా అర్థమయ్యేలా చెప్పడం దానికి చేతనవుతుంది. ఒక గ్లాసులో క్షారం ఉందనుకో అంది. సబ్బు నీళ్ళలాంటిది, కానీ ఎంత ఘాటుగా ఉందో తెలియదు. ఇంకో దాంట్లో యాసిడ్, దాని ఘాటు ఎంతో మనకు తెలుసు. తెలిసినదాన్ని తెలియనిదాంట్లో చుక్క చుక్కగా వదులుతాం. రెండూ ఒకదాన్నొకటి సరికి సరి చంపుకున్న క్షణాన రంగు మారుతుంది. ఎంత యాసిడ్ పట్టిందో చూసుకుంటే క్షారం ఘాటు తెలిసిపోతుంది. దాన్ని పుస్తకంలో అంశమాపనం అంటారట, పిల్లలందరూ టైట్రేషన్ అంటారట.

"రంగు ఎలా మారుతుంది?"

"ముందే ఒక చుక్క రంగుమందు వేస్తాం. క్షారంలో పసుపుపచ్చగా ఉంటుంది. యాసిడ్ సరిపోగానే లేత గులాబి అవుతుంది. ఒక్క చుక్క తేడా అంతే. ఆ చుక్క దగ్గర ఆగాలి."

"ఆగకపోతే?"

"లెక్క తప్పుతుంది."

"పేలదా?"

"అమ్మా, లెక్క తప్పుతుందంటే లెక్క తప్పుతుందనే."

నాకు నమ్మకం కుదరలేదు. ఆ క్షారాన్ని పిపెట్ అనే సన్నటి గాజు గొట్టంలోకి లాగుతారట. నోటితో లాగుతారేమోనని నా పై ప్రాణాలు పైనే పోయాయి. కాదు, రబ్బరు బుడ్డి ఉంటుందని, అది తీసేసి చూపుడువేలితో గొట్టం పైన మూస్తామని, వేలు కొంచెం వదులు చేస్తే నీళ్ళు దిగుతాయని, బిగిస్తే ఆగుతాయని చేతులతో చూపించింది. ఇక యాసిడ్ పోసే గొట్టం బ్యూరెట్. దాదాపు చేయంత పొడవు, స్టాండుకు నిలువుగా బిగించి ఉంటుంది, కింద చిన్న కుళాయి. అంటే యాసిడ్ నా బిడ్డ కళ్ళ ఎత్తున నిలబడి ఉంటుందన్న మాట.

మర్నాడే నేను పని చేసే కళ్ళజోళ్ళ దుకాణంలో యజమానిని అడిగి, పక్కలు కూడా మూసి ఉండే రక్షణ కళ్ళద్దాలు తెచ్చాను. తరగతిలో ఇంకెవరికీ అవి లేవు. దాన్ని తోటి పిల్లలు వెల్డింగ్ షాపు అని పిలవడం మొదలుపెట్టారు. పిలవనీ. వెల్డింగ్ షాపువాళ్ళకు కళ్ళు ఉంటాయి.

కళ్ళు సరే, చేతుల సంగతేమిటి? దానికి ఉపాయం నాకే తట్టింది. కంద తరిగేటప్పుడు చేతులకు నూనె పట్టిస్తాం. నూనె పొర ఉంటే దురద చర్మాన్ని అంటుకోదు. కందను ఆపే నూనె యాసిడ్‌ను మాత్రం ఎందుకు ఆపదు? ప్రయోగం ఉన్న రోజు పొద్దున్నే గుమ్మం దగ్గర నిలబడి, కొబ్బరినూనె సీసా వంచి, దాని రెండు చేతులకూ వేళ్ళ సందుల్లోకి వెళ్ళేలా రాసేదాన్ని. రాయించుకుంటేనే గడియ తీసేదాన్ని. మొదట గొణిగింది. తర్వాత బస్సు పోతుందని గొణగకుండా చేతులు చాచడం నేర్చుకుంది.

దాని ప్రయోగాలు మధ్యాహ్నం భోజనం అయ్యాక ఉండేవి. ఎప్పుడూ బాగానే చేసేది. "మూడుసార్లు చేస్తే మూడూ ఒకే గీత దగ్గర ఆగాయమ్మా" అని బస్సు దిగుతూనే చెప్పేది. నా నూనె వల్లే చేతులు చల్లగా ఉన్నాయని నేను లోలోపల అనుకునేదాన్ని.

దానికి ఈ పిచ్చి పట్టింది నీళ్ళు శుద్ధి చేసే కేంద్రం దగ్గర. బడివాళ్ళు ఒకరోజు అక్కడికి తీసుకెళ్ళారు. పెద్ద పెద్ద తొట్లు, గొట్టాలు అన్నీ చూపించి, చివర ఒక చిన్న గదిలోకి తీసుకెళ్ళారట. అక్కడ తెల్లకోటు వేసుకున్న ఒకావిడ గాజుసీసాను కిటికీ వెలుతురుకు పట్టి గుండ్రంగా తిప్పుతూ ఉందట. ఆవిడ సరే అంటే గానీ నీళ్ళు జనం కుళాయిల్లోకి పోవట. "ఇన్ని ఇళ్ళ నీళ్ళు ఆవిడ ఒక్క మాట కోసం ఆగి ఉంటాయమ్మా" అంది. ఆ గదిలో ఉద్యోగం చేస్తానంది. అది తిరగడం మానేసి ఒక చోట నిలబడి మాట్లాడటం నేను చూసిన మొదటిసారి అదే.

కానీ వచ్చే ఏడాది రసాయనశాస్త్రం చదవాలంటే ముందు ప్రయోగ పరీక్ష నెగ్గాలి. ల్యాబ్‌లో బల్లలు తక్కువ, పిల్లలు ఎక్కువ. ప్రతి ఒక్కరూ అంశమాపనం మూడుసార్లు చేయాలి. మూడు లెక్కలూ కలిస్తే బల్ల దొరుకుతుంది. కలవకపోతే వాణిజ్యం గ్రూపులో చేరాలి. ఈ సంగతి వినగానే నాలో ఒక చిన్న ఆశ తల ఎత్తింది. వాణిజ్యంలో ఏముంటాయి? కాగితాలు, పెన్నులు. మహా అయితే పెన్ను ముల్లు గుచ్చుకుంటుంది.

పరీక్ష శుక్రవారం వచ్చింది. ఈసారి పొద్దున్న మొదటి గంటలోనే. పరీక్ష అంటే కంగారు, కంగారు అంటే ఒలకడం, ఒలకడం అంటే ఏమవుతుందో నాకు కళ్ళకు కట్టినట్టు కనబడింది. ఆరోజు నూనె ఒకసారి రాసి, అది ఇంకే లోపే రెండోసారి రాశాను. మోచేతుల దాకా.

"అమ్మా, పుస్తకం జారిపోతోంది" అంది.

"పుస్తకం జారితే తీసుకోవచ్చు" అన్నాను.

సాయంత్రం అది బస్సు దిగి నాకంటే ముందు నడిచింది. ఇంట్లోకి వచ్చి, కళ్ళద్దాలు తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, డబ్బాలో పెట్టి, మూత నొక్కింది. ఆ తర్వాత గోడకు ఆనుకుని కింద కూర్చుంది.

"కలవలేదు" అంది.

వాళ్ళ నాన్న జోకు వెయ్యబోయి, దాని మొహం చూసి, మింగేశాడు.

"ఏం జరిగిందే?" అన్నాను.

"ఏం జరిగిందో తెలిస్తే బాధ ఉండేది కాదు. పిపెట్ మీద వేలు పెడితే నీళ్ళు ఆగలేదు, జారిపోయాయి. గీత దగ్గర నిలబడనే నిలబడవు. సరే, ఎలాగో పట్టాను. బ్యూరెట్ లోపల గోడలకు చుక్కలు అంటుకుని వేలాడుతున్నాయి. యాసిడ్ కిందికి దిగింది గానీ అవి దిగవు. నేను చదివిన లెక్కలో అవి ఉన్నాయి, సీసాలో మాత్రం పడలేదు. మేడమ్ చూసి బ్యూరెట్ మురికిగా ఉంది, కడుగు అన్నారు. కడిగాను. మళ్ళీ అంతే. ఇంకో బ్యూరెట్ ఇచ్చారు. అదీ అంతే."

"ఎలా కడిగావు?"

"ఎప్పుడూ కడిగినట్టే. కొంచెం నీళ్ళు పోసి, పైన అరచేత్తో మూసి, అటూ ఇటూ వంచి తిప్పి పారబోస్తాం."

అరచేత్తో మూసి.

నేను అప్పుడు గిన్నెల దగ్గర ఉన్నాను. తొట్టిలో రెండు గాజుగ్లాసులు ఉన్నాయి. ఒకటి మంచినీళ్ళది, ఒకటి నూనె పోసి పెట్టుకున్నది. కుళాయి తిప్పాను. మంచినీళ్ళ గ్లాసు మీద నీళ్ళు దుప్పటి పరిచినట్టు జారి దిగాయి. నూనె గ్లాసు మీద చుక్కలు చుక్కలుగా ఆగి, నన్నే చూస్తున్నట్టు వేలాడాయి.

ఇది నాకు కొత్త సంగతేమీ కాదు. దుకాణంలో మా యజమాని పెట్టిన మొదటి నియమం, నూనె చేతులతో అద్దాలు ముట్టుకోకూడదని. రోజూ గడప దాటగానే నేను చేసే మొదటి పని సబ్బుతో చేతులు కడుక్కోవడం. నా చేతులు కడుక్కుని వెళ్ళి అద్దాలు తుడుస్తూ, నా కూతురి చేతులకు నూనె రాసి గాజుసామాను మీదికి పంపాను. మధ్యాహ్నం ప్రయోగాలకు ఆ నూనె పుస్తకాలకూ బల్లలకూ అంటి పోయేది. పొద్దున్న పరీక్షకు పోలేదు.

కుళాయి కట్టాను. ఎవరికీ ఏమీ తెలియదు. మేడమ్ కడుగు అంది గానీ చేతులు చూపించమనలేదు. నేను నోరు మూసుకుని గిన్నెలు తోముకుంటే చాలు, నా బిడ్డ కాగితాల మధ్యకు వెళ్ళిపోతుంది. యాసిడ్ అటక మీదే ఉంటుంది. నేను ఏడాది నుంచీ కోరుకున్నది నా చేతికి అంది వచ్చింది.

వెనక నుంచి అది అంది, "నా చేతులు ఈ పనికి పనికిరావేమో అమ్మా."

నేను భయపడేవాటికి అంతు లేదు. కళ్ళు పోవడం, చేతులు కాలడం, గాజు గుచ్చుకోవడం, బస్సు తప్పిపోవడం, బస్సు తప్పిపోకుండా ఎక్కి అందులోంచి పడిపోవడం. వాటన్నింటిలో ఈ మాట లేదు. అది తన చేతులు రెండూ ముందుకు చాపి, ఎవరివో చూస్తున్నట్టు చూసుకుంటోంది.

"నీ చేతులకేం కాలేదు. వాటి మీద నేను రాసిందే అడ్డం పడింది" అన్నాను.

"ఏంటి?"

"ఇలా రా."

తొట్టి దగ్గరకు పిలిచి, కుళాయి తిప్పి, రెండు గ్లాసులూ పక్కపక్కన పట్టి చూపించాను. చూసింది. నా మొహం చూసింది. మళ్ళీ గ్లాసులు చూసింది. ముక్కు పుటాలు అదరడం మొదలుపెట్టాయి. ఇక తిట్లు తినాల్సిందే అని నిలబడ్డాను.

"అమ్మా" అంది చాలా నెమ్మదిగా, "నువ్వు నన్ను పరీక్షకు పంపావా, వేపుడుకు పంపావా?"

వాళ్ళ నాన్న ఇందాక మింగిన నవ్వంతా ఒక్కసారే బయటపెట్టాడు. అది నవ్వలేదు. చెయ్యి కడుక్కుని, గదిలోకి వెళ్ళి, కాసేపు తలుపు వేసుకుంది. బయటికి వచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు మామూలుగానే ఉంది.

"సోమవారం పొద్దున్న కలవనివాళ్ళందరికీ ఇంకో అవకాశం ఇస్తారు. అదే ఆఖరు. నాకు ఆ ఒక్కటి చాలు" అంది. "ఒక్కటే షరతు. సోమవారం నువ్వు నూనె సీసా దగ్గరికి పోకూడదు."

"నేను బడికి వస్తాను" అన్నాను.

"ఎందుకు?"

"మేడమ్‌కు నేనే చెప్పాలి. తప్పు నీ చేతులది అనుకుంటుంది."

"రా. నోరు తెరవకూడదు."

"మేడమ్‌తో మాట్లాడాలి కదా."

"మేడమ్‌తో తెరువు. నాతో తెరవకు."

ఆదివారం మధ్యాహ్నం అది చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడిగింది. దుకాణంలో నేను చేసే పరీక్షే దానికీ చేశాను. గీతలు పడి పక్కన పెట్టేసిన కళ్ళద్దం ఒకటి నా దగ్గర ఉంది. తుడిచి ఇచ్చి, వేలు ఆనించమన్నాను. వేలు తీశాక ఊది చూస్తే, జిడ్డు ఉన్నచోట ఆవిరి వేరేగా పరుచుకుంటుంది. మొదటిసారి వేలిముద్ర మొత్తం కనబడింది. మళ్ళీ కడిగింది. మళ్ళీ ఆనించింది. వాళ్ళ నాన్న, "దీని చేతిలో గీతలు కూడా కడిగేసేలా ఉన్నారు, రేపు జాతకం చెప్పేవాడికి పని ఉండదు" అన్నాడు. చివరికి అద్దం మీద కనబడీ కనబడని మరక మిగిలింది. అది మనిషి చర్మానికి ఉండేదే, దాన్ని ఎవరూ కడగలేరు.

సోమవారం దుకాణంలో సగం పూట సెలవు అడిగాను. గుమ్మం దగ్గర గడియ నేనే తీశాను. అలవాటు చొప్పున అది చేతులు చాచింది. చాచి, గుర్తొచ్చి, వెనక్కి లాక్కుంది. ఇద్దరం సీసా వైపు చూడలేదు.

ల్యాబ్ కింది అంతస్తులో, చివరి గది. వసారాలో గ్రిల్లు బిగించిన పెద్ద కిటికీ ఉంది. తలుపు దగ్గర ల్యాబ్ అటెండరు ఒకాయన తాళాల గుత్తి నడుముకు కట్టుకుని తిరుగుతున్నాడు. పిల్లలంతా తాళాల బాబాయ్ అంటున్నారు. మేడమ్ బక్కపల్చటి మనిషి, జేబులున్న తెల్లకోటు వేసుకుంది. ఆవిడను పిల్లలు చాటున చుక్కమ్మ అంటారని బొంగరం నాకు ముందే చెప్పింది, ఎప్పుడు చూసినా చుక్క, చుక్క అంటుందని.

నేను వెళ్ళి నమస్కారం పెట్టి, నిలబడ్డ పాటునే చెప్పేశాను. "శుక్రవారం జరిగిన దాంట్లో మా అమ్మాయి తప్పు లేదండీ. కొబ్బరినూనె తప్పు. అది నేను రాశాను."

ఆవిడ కళ్ళజోడు పైకి జరుపుకుని నన్ను చూసింది. "చేతులకా?"

"మోచేతుల దాకానండీ."

"అందుకేనా" అంది. "రెండో బ్యూరెట్ కూడా అలాగే అయితే గాజు చేసినవాళ్ళను తిట్టుకున్నాను. తాళాల బాబాయ్‌ను కూడా తిట్టాను, సరిగ్గా కడగడం లేదని."

"నన్ను రెండుసార్లు తిట్టారు" అన్నాడు తాళాల బాబాయ్ తలుపు దగ్గర నుంచి.

"ఒకటి వెనక్కి తీసుకుంటున్నాను" అంది ఆవిడ.

నేను ఇక ఆగలేకపోయాను. "మేడమ్, నూనె లేకుండా యాసిడ్ మీద పడితే?"

"ఇక్కడ వాడేది బాగా నీళ్ళు కలిపిన యాసిడ్ అమ్మా. చర్మం మీద పడితే వెంటనే కుళాయి కింద పెట్టాలి. నీళ్ళు ధారాళంగా పోవాలి. నూనె ఉంటే జారి ఇంకోచోటికి పోతుంది, చేతిలో సీసా కూడా జారుతుంది. కళ్ళలో పడితేనే అసలు ప్రమాదం. దానికి మీరు చేసిన ఏర్పాటు నేను చేసిన దానికంటే బాగుంది." బొంగరం పెట్టుకున్న కళ్ళద్దాల వైపు చూపించింది. "మీరు లోపలికి రాకూడదు. కిటికీ దగ్గర ఉండండి. మాట్లాడకూడదు."

"ఆ సంగతి ఇంట్లోనే చెప్పించుకుని వచ్చాను" అన్నాను.

తాళాల బాబాయ్ నాకు ఒక స్టూలు తెచ్చి వేశాడు. "కూర్చోమ్మా. గ్రిల్లు పట్టుకుని ఊగకు, మరలు వదులుగా ఉన్నాయి. పిల్లల తల్లులు ఊపీ ఊపీ ఇలా చేశారు."

బొంగరం బల్ల కిటికీకి ఎదురుగానే ఉంది. ముందు బ్యూరెట్ కడిగింది. నీళ్ళు కొంచెం పోసి, అరచెయ్యి మూసి, అటూ ఇటూ తిప్పి, కింది కుళాయిలోంచి పారబోసింది. మేడమ్ వచ్చి దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. నేనూ చూశాను. గాజు మీద ఒక్క చుక్క లేదు. మంచినీళ్ళ గ్లాసులాగా దుప్పటి పరుచుకుని దిగిపోయింది. అక్కడికి నా సగం ప్రాణం తిరిగి వచ్చింది. తర్వాత దాన్ని కాస్త యాసిడ్‌తో తొలిచి, నింపింది.

పిపెట్‌తో క్షారం తీసింది. రబ్బరు బుడ్డి తీసి చూపుడువేలు పెట్టింది. నీళ్ళు గీత దగ్గరికి వచ్చి ఆగాయి. వేలు నిక్కచ్చిగా నిలబడింది. దాన్ని సీసాలోకి వదిలింది, రంగుమందు వేసింది, పచ్చగా అయింది. సీసా కింద తెల్లటి పలక పెట్టింది, రంగు బాగా కనబడటానికి. ఎడమచేత్తో కుళాయి, కుడిచేత్తో సీసా. సీసాను గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు ఒళ్ళంతా తిరిగిన పిల్ల ఇప్పుడు మణికట్టు మాత్రమే తిప్పుతోంది. మిగతా మనిషి రాయిలా నిలబడి ఉంది.

మొదట యాసిడ్ సన్నటి దారంలా దిగింది. తర్వాత చుక్కలు. చుక్క పడ్డచోట గులాబి రంగు మెరిసి, తిప్పగానే మాయమవుతోంది. మాయమవడం ఆలస్యమయ్యే కొద్దీ బొంగరం చుక్కకూ చుక్కకూ మధ్య ఎక్కువ సేపు ఆగుతోంది. ఆఖరికి ఒక చుక్క పడింది, రంగు మారింది, ఉండిపోయింది. కళ్ళు గీతకు సమానంగా వచ్చేలా మోకాళ్ళు వంచి, లెక్క చదివి రాసుకుంది. రెండోసారీ అలాగే. రాసుకున్నాక ఒక్క క్షణం నా వైపు చూసింది. మొహంలో ఏమీ పెట్టలేదు, కానీ రెండూ కలిశాయని నాకు తెలిసిపోయింది. పదహారేళ్ళుగా చదువుతున్న మొహం అది.

ఇంకొక్కటి.

మూడోసారికి బ్యూరెట్ నింపింది. స్టాండును కిందికి దించుకుని, గరాటు పెట్టి, కళ్ళకంటే దిగువన ఉంచి పోసింది. గరాటు తీసేసింది. అందులోంచి పడే చుక్క లెక్కను పాడు చేస్తుంది కనుక తీసేయాలని ఇంట్లో చెప్పింది. తీస్తూ ఉండగా గరాటు కొన నుంచి చుక్కలు రాలి దాని మణికట్టు మీద పడ్డాయి.

నోరు దానంతట అదే తెరుచుకుంది. చేతిసంచి పట్టీని నోట్లో కుక్కుకుని కొరికి పట్టుకున్నాను. ఇన్నాళ్ళుగా నేను చూస్తూ వచ్చిన పీడకల ఇది. పొగలు వస్తాయి, చర్మం ఊడుతుంది, అది కేకలు పెడుతుంది, నేను గ్రిల్లు విరగగొట్టుకుని లోపలికి దూకుతాను. మరలు ఎలాగూ వదులుగానే ఉన్నాయి.

బొంగరం గరాటును బల్ల మీద పెట్టింది. నాలుగడుగులు వేసి కుళాయి దగ్గరకు వెళ్ళింది. మణికట్టును ధార కింద పెట్టి, అటూ ఇటూ తిప్పుతూ, గోడ మీద బొమ్మలు చూస్తూ నిలబడింది. ఇంట్లో స్కెచ్చు పెన్ను మరక కడుక్కునేటప్పుడు కూడా అంత తీరిగ్గా ఉండదు. మేడమ్ అక్కడికి వచ్చి, "ఎంతసేపు?" అంది.

"ఇంకాసేపు మేడమ్" అంది.

"మంచిది. తొందర లేదు."

చెయ్యి తుడుచుకుని వచ్చింది. కిటికీ వైపు తిరిగి, మణికట్టు ఎత్తి నాకు చూపించింది. ఎరుపు కూడా లేదు. తడి ఉంది, అంతే. నేను సంచి పట్టీని నోట్లోంచి తీశాను. తాళాల బాబాయ్ నా పక్కనే నిలబడి ఉన్నాడని అప్పుడు చూశాను. "ఇప్పటిదాకా వచ్చిన తల్లుల్లో అరవనిది నువ్వే" అన్నాడు.

"పట్టీ తెగింది" అన్నాను.

"గ్రిల్లు బతికింది" అన్నాడు.

అది బల్ల దగ్గరకు వచ్చి, పొడిగా ఉన్నదో లేదో వేలిని బొటనవేలితో రుద్ది చూసుకుని, పిపెట్ తీసుకుంది. మళ్ళీ పచ్చటి నీళ్ళు, మళ్ళీ దారం, మళ్ళీ చుక్కలు. చివరికి వచ్చేసరికి కుళాయి కొనకు చుక్క పూర్తిగా తయారు కాకుండానే కుళాయి కట్టేసి, ఆ సగం చుక్కను సీసా అంచుకు తాకించి, నీళ్ళ సీసాతో లోపలికి కడిగింది. తిప్పింది. పచ్చ కాస్తా లేత గులాబి అయి, తెల్ల పలక మీద అలాగే నిలిచింది.

మేడమ్ వంగి బ్యూరెట్ చదివింది. కాగితం చూసింది. మళ్ళీ చదివింది.

"మూడూ కలిశాయి" అంది. "వచ్చే ఏడాది ఈ బల్ల నీదే. కిటికీ దగ్గరది కావాలా, గోడ దగ్గరదా?"

"కిటికీ" అంది బొంగరం.

ఆవిడ కిటికీ దగ్గరికి వచ్చి నన్ను కూడా లోపలికి రమ్మంది. సీసాలో ఇంకొంచెం క్షారం పోసి, రంగుమందు వేసి బొంగరం ముందు పెట్టింది. "మీ అమ్మగారికి ఒక్క చుక్క చూపించు" అంది. అది నా కళ్ళకు తన కళ్ళద్దాలు పెట్టి, నా ఎడమచెయ్యి తీసుకుని కుళాయి మీద ఉంచింది. ఎంత తిప్పాలో చెప్పలేదు. నేను వెంట్రుకవాసి తిప్పాను. ఒక్క చుక్క కొనకు వేలాడి, వేలాడి, రాలింది. గులాబి మెరిసి పోయింది. నా చేతులు దుకాణానికి వెళ్ళడానికి పొద్దున్నే కడుక్కున్న చేతులు.

"ఇంకోటి వదలనా?" అన్నాను.

"నీకు అలవాటైపోతే కష్టం, ఇంట్లో అటక మీద ఉన్న యాసిడ్ సీసా ఒకటే" అంది.

బడి గేటు దాటి బస్‌స్టాపుకు నడిచాం. దానికి మిగతా పూట తరగతులు లేవు, నాకు దుకాణానికి ఇంకా టైము ఉంది. అది చేతులు ఊపుకుంటూ, మధ్యలో ఒకసారి గిర్రున తిరిగి, వెనక్కి నడుస్తూ, నీళ్ళ కేంద్రంలో ఆ తెల్లకోటు ఆవిడ బల్ల కూడా కిటికీ దగ్గరే ఉందని చెబుతోంది. నేను వింటున్నాను. వింటూ ఉండగా నాకు ఒక సంగతి తట్టింది.

"ఏమే, అక్కడ పెద్ద పెద్ద తొట్లు ఉంటాయన్నావు."

"ఉంటాయి. ఒక్కోటి మన ఇల్లంత."

"ఎంత లోతు?"

అది నడక ఆపింది. "అమ్మా."

"అడిగాను అంతే. చుట్టూ కటకటాలు ఉన్నాయా?"

"ఉన్నాయి."

"నడుము దాకానా, ఛాతీ దాకానా?"

బస్సు వచ్చింది. అది ముందు ఎక్కి, మెట్టు మీద నిలబడి, నాకు చెయ్యి అందించింది. పొడిగా, గట్టిగా ఉంది ఆ చెయ్యి. పట్టుకుని ఎక్కాను.

"ఛాతీ దాకా" అంది. "ఈత కూడా నేర్చుకుంటాలే. కానీ ముందే చెబుతున్నా, దానికి కూడా నూనె రాయకూడదు."